బ్రేకుల్లో గాలి

మొదటి రోజు ఆమె తరగతి గదిలోకి అడుగు పెట్టగానే కుర్రాళ్ళందరూ లేచి నిలబడ్డారు.

ఆమెకు అర్థం కాలేదు. తన వెనక ఎవరైనా పెద్దవాళ్ళు వస్తున్నారేమోనని తిరిగి చూసింది. ఎవరూ లేరు. ఇంతలో "గుడ్ మార్నింగ్ మేడమ్" అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. అప్పుడు తెలిసింది, తనను పాఠం చెప్పడానికి వచ్చిన టీచరనుకున్నారని.

"అయ్యో, నేను కూడా చేరడానికే వచ్చాను బాబూ" అని తలొంచుకుని వెళ్ళి చివరి బల్ల మీద కూర్చుంది. ముందు ఒకడు కిసుక్కున నవ్వాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. చూస్తుండగానే గదంతా ఘొల్లుమంది. ఆ నవ్వులో వెటకారమేమీ లేదు. పద్దెనిమిదేళ్ళ పిల్లలు, పొరపాటు పడ్డందుకు తమను చూసుకుని తామే నవ్వుకున్నారు. ఆమె కూడా నవ్వబోయింది గానీ, పెదవులు విచ్చుకునేసరికి వాళ్ళ నవ్వు అయిపోయింది.

ఆ పిలుపు మాత్రం అతుక్కుపోయింది. తరవాత అందరికీ ఆమె "మేడమే". చివరికి ఇన్‌స్ట్రక్టర్ కూడా, రిటైర్ కావడానికి దగ్గర పడిన మనిషి, "మేడమ్, మీకు అర్థమైందాండీ?" అని అడిగేవాడు. మిగిలినవాళ్ళను "ఒరేయ్" అనే నోటితోనే. మేడమ్ పక్కన ఎవరు కూర్చుంటారు? చివరి బల్ల రెండేళ్ళూ ఆమె ఒక్కదానిదే అయింది.

ఆమెకు ముప్పై ఏడేళ్ళు. అంతకుముందు చాలాకాలం రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టింది. మధ్యలో పెళ్ళి ఒకటి జరిగింది, నిలవలేదు. ఫ్యాక్టరీ మాత్రం నిలిచింది. అక్కడ పక్క మిషన్ ఆవిడతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా, తలెత్తకుండా, చెయ్యి ఆపకుండా కబుర్లు చెప్పుకునేది. ఆ మిషన్ల రొదలో పక్కవాళ్ళకి తప్ప ఎవరికీ వినపడేది కాదు. అత్తగారి నస, కూతురి చదువు, నిన్న చూసిన సీరియల్, అన్నీ ఆ హోరు కిందే దొర్లిపోయేవి. ఒకరోజు ఫ్యాక్టరీ మూతపడింది. పక్క మిషన్ ఆవిడ కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు తలో దిక్కూ అయ్యారు.

పని పోయినవాళ్ళకు కొత్త పని నేర్పిస్తామని ప్రభుత్వం ఏదో పథకం పెట్టింది. ఆఫీసులో గుమాస్తా ఆమె ముఖం చూడకుండానే "బ్యూటీషియన్ కోర్సు రాసేయమంటారా?" అన్నాడు.

"ఇంకేమున్నాయండీ?"

"కంప్యూటర్ ఉంది, ఆస్పత్రిలో ఆయా పని ఉంది. కార్ల రిపేరు కూడా ఉందనుకోండి, అదెందుకులెండి మీకు, దానికి ఆడవాళ్ళెవరూ రారు."

"రాకూడదని ఉందా?"

అతను అప్పుడు తలెత్తి చూశాడు. "అలాగేం లేదు" అన్నాడు.

ఆ మాట ఆమె పంతానికి అన్నదేమీ కాదు. ఫ్యాక్టరీలో మిషన్ మొరాయించినప్పుడల్లా మెకానిక్ వచ్చి విప్పుతుంటే పక్కన నిలబడి టార్చిలైటు పట్టుకునేది. ఎక్కడో బిగుసుకుపోయిన ముక్క కాస్త కదలగానే మొత్తం మిషన్ సాఫీగా తిరిగేది. ఆ క్షణం ఆమెకు భలే ఇష్టం. జీవితంలో ఇష్టమైనదాన్ని ఎంచుకునే అవకాశం వస్తుందని అనుకోలేదు. వచ్చింది కదా అని కార్ల రిపేరే రాయమని చెప్పేసింది, అంతే.

అక్క మాత్రం ఫోన్లో తల బాదుకుంది. "ఒళ్ళంతా నూనె పూసుకుని కార్ల కింద దొర్లుతావుటే? హాయిగా ఇంట్లో మిషన్ పెట్టుకుని నాలుగు బట్టలు కుట్టుకోక!"

"నేర్చుకుంటే పోయేదేముంది అక్కా?"

"పోయేది నీ నడుమే. ఒరేయ్, ఆ బంతి ఇంట్లో ఆడొద్దన్నానా! సరేనే, ఉంటాను, వీళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు."

అక్కకు ముగ్గురు మగపిల్లలు. ఆదివారం ఆదివారం ఫోను చేసేది. ప్రతిసారీ ఏదో ఒకటి పగిలేది, లేదా ఎవడో ఒకడు ఏడ్చేవాడు, మాట సగంలో తెగిపోయేది.

చదువు అనుకున్నంత తేలికగా లేదు. మొదటి నెలల్లో కారును ముట్టుకోనివ్వలేదు. చేతికి ఒక ఇనుప ముక్కా ఒక ఆకురాయీ ఇచ్చి, చదునుగా వచ్చేదాకా రుద్దమన్నారు. తరవాత కొలతలు. వెంట్రుకవాసి తేడాను కూడా పట్టుకునే పరికరాలతో, ఊపిరి బిగబట్టి కొలవాలి. ఆ తరవాత ఇంజన్ విప్పడం, విప్పిన వరసలోనే బల్ల మీద పేర్చుకోవడం, మళ్ళీ బిగించడం. ఇవన్నీ చేతి పనులు, వాటికి ఆమె జంకలేదు. కరెంటు పాఠమే కళ్ళ నీళ్ళు తెప్పించింది. బడి మానేసి ఇరవై ఏళ్ళయిన బుర్రకు ఆ సూత్రాలు ఒక పట్టాన ఎక్కేవి కావు. ఎదురుగా వైరింగ్ పటం పెట్టుకుని, ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో వేలితో గీసుకుంటూ అద్దెగదిలో కూర్చునేది. గోడకు అవతల కాపురం వాళ్ళు అన్నాలు తింటూ నవ్వుకోవడం వినపడేది. నవ్వు వినపడేది గానీ దేనికి నవ్వుతున్నారో వినపడేది కాదు.

అసలు చిక్కు ప్రాక్టికల్స్‌లో వచ్చింది. అక్కడ పనులన్నీ జంటలుగా చేయాలి. తరగతిలో ఉన్నది బేసి సంఖ్య. కుర్రాళ్ళు మొదటి గంటలోనే భుజాల మీద చేతులేసుకుని జతలు కట్టేశారు. చివరికి మిగిలింది ఎవరో చెప్పనక్కర్లేదు.

ఇన్‌స్ట్రక్టర్ ఆమెను ఒక జంటతో కలిపాడు. ఆ పిల్లలిద్దరూ బంగారు కొండలు. ఆమె పానా అందుకోబోతే "మీరు కూర్చోండి మేడమ్, మేం చేసేస్తాం" అని లాక్కునేవారు. చక్రం ఊడదీయబోతే "చేతులు పాడవుతాయి మేడమ్" అనేవారు. ఒకడైతే ఆమె కూర్చోవడానికి కుర్చీ కూడా తెచ్చి, కండువా లాంటి గుడ్డతో తుడిచి మరీ వేశాడు. వారం రోజులు ఆ కుర్చీలో పెళ్ళివారి తాలూకు పెద్దావిడలా కూర్చుంది. ఇలాగైతే కోర్సు అయ్యేసరికి తనకు వచ్చేది కూర్చోవడం ఒక్కటే అనిపించింది.

"సార్, నేను ఒక్కదాన్నీ చేసుకుంటాను" అంది.

ఆయన కాసేపు ఆలోచించి, షెడ్డు మూలన ఉన్న పాత కారు చూపించాడు. నీలం రంగు వెలిసిపోయి, కదలడం మానేసి ఎన్నేళ్ళయిందో తెలియని కారు. "అయితే అది మీది మేడమ్. ఏమైనా కావాలంటే పిలవండి."

ఆమె పిలవలేదు. మొదట మొహమాటంతో, తరవాత అలవాటుతో, ఆ తరవాత కాస్త గర్వంతో. ఇద్దరు మోసే గేర్‌బాక్సును జాకీ మీద ఆన్చి, చెక్క ముక్కలు దోపి, ఒక్కతే దించింది. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాల్సిన చోట, సీటుకూ పెడల్‌కూ మధ్య సరిపోయేలా కర్ర కోసుకుని పెట్టింది. బ్రేకు గొట్టాల్లోని నూనెలో గాలి చేరితే బ్రేకు పట్టదు, ఆ గాలి తీసే పని అన్నిటికన్నా ఇద్దరి పని. ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు చక్రం దగ్గర చిన్న స్క్రూ వదులు చేసి, నూనెతోపాటు బుడగలు పోనిచ్చి మళ్ళీ బిగించాలి. దానికీ ఒంటరివాళ్ళ పద్ధతి ఒకటి ఉందని పుస్తకంలో చదివింది. స్క్రూకు సన్నటి గొట్టం తగిలించి, రెండో కొస సీసాలోని బ్రేకు నూనెలో ముంచి, తనే వెళ్ళి తొక్కి, తనే వచ్చి చూసుకోవడం. నెమ్మదిగా జరుగుతుంది గానీ జరుగుతుంది. పక్కన జంటలు "తొక్కరా!", "వదలరా!", "నీ కాలు కాదు, నీ బుర్ర విరగ్గొడతా!" అని అరుచుకుంటూ ఉంటే, ఆమె కారు చుట్టూ చప్పుడు చేయకుండా తిరుగుతూ పని ముగించేది.

ఒక్కోసారి సాయంత్రం బస్సు ఎక్కి కండక్టర్‌కు స్టాపు పేరు చెబితే గొంతు బొంగురుగా వచ్చేది. ఆ రోజుకు అదే మొదటి మాటని అప్పుడు తట్టేది.

రెండో సంవత్సరం చివర్లో అందరినీ తలో సర్వీస్ సెంటర్‌కు పంపారు. నిజమైన కార్ల మీద కొన్ని నెలలు పనిచేసి, అక్కడి సూపర్‌వైజర్ సరే అంటేనే చివరి పరీక్షకు కూర్చోనిస్తారు. ఆమెకు వచ్చిన సెంటర్ పెద్దదే. తెల్లటి నేల, వరసగా లిఫ్టులు, గోడకు వేలాడే పానాలు. సూపర్‌వైజర్ గట్టి మనిషి, ఆమె కంటే రెండు మూడేళ్ళు చిన్నవాడేమో. పక్క లిఫ్టు దగ్గర పనిచేసే పెద్దాయన్ని అందరూ "రేడియో" అనేవారు. ఆయన నోరు విప్పగా చూసినవాళ్ళు లేరు కాబట్టి ఆ పేరు పెట్టారట. పొద్దున ఆయన తల ఊపేవాడు, ఈమె తల ఊపేది. సాయంత్రం మళ్ళీ అదే. ఆమెకు ఆ పద్ధతి హాయిగానే ఉంది.

ఒక మధ్యాహ్నం ఒక కారుకు వెనక బ్రేకు గొట్టాలు మార్చే పని ఇచ్చారు. మార్చింది. గాలి తీయాలి. అందరూ భోజనాలకు వెళ్ళారు. రేడియో మాత్రం తన లిఫ్టు కింద కూర్చుని డబ్బా విప్పుకుంటున్నాడు. ఒక్క పిలుపు దూరం. అన్నం తినే మనిషిని ఏం లేపుతాం అనుకుంది. అది నిజమే, కానీ ఆయన తినకుండా ఖాళీగా ఉన్నా పిలిచేది కాదు. సంచిలోంచి తన సీసా, గొట్టం తీసింది.

నాలుగు చక్రాలూ అయ్యాక పెడల్ నొక్కి చూసింది. కాస్త మెత్తగా దిగింది. మళ్ళీ నొక్కింది. రెండు మూడు సార్లు నొక్కాక గట్టిపడింది. "ఆఁ, బాగానే ఉంది" అనుకుంది. ఇది ఇలా ఉండొచ్చా అని ఒక అనుమానం మాత్రం మనసులో ముల్లులా గుచ్చుకుంది. అడగడానికి చుట్టూ చూసింది. భోజనాలయ్యి ఒక్కొక్కరే వస్తున్నారు. నవ్వుకుంటూ, భుజాలు చరుచుకుంటూ వస్తున్న ఆ గుంపులో ఎవరిని ఆపి ఏమని అడగాలి? చక్రాలు బిగించి, కారును కిందికి దించి, పెరట్లోకి తీసింది.

పెరట్లో సగం దూరం మెల్లగానే వెళ్ళింది. మలుపు దగ్గర బ్రేకు నొక్కింది. పెడల్ బురదలో దిగిన కాలులా నేలకు ఆనుకుపోయింది. కారు ఆగలేదు.

ఎదురుగా నీళ్ళ పైపు పట్టుకుని కారు కడుగుతున్న మనిషి. స్టీరింగ్ పక్కకు తిప్పి, హ్యాండ్ బ్రేకు రెండు చేతులా లాగింది. కారు గీరుకుంటూ వెళ్ళి పాత టైర్ల గుట్టలో ముక్కు దూర్చి ఆగింది. పై టైరు ఒకటి దొర్లి బానెట్ మీద పడి, తీరిగ్గా నేల మీదికి జారింది. ఎవరికీ ఏమీ కాలేదు. ముందు బంపరు మాత్రం చీలింది.

సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు. మొదట ఆమెకు దెబ్బ తగిలిందేమో చూశాడు. తరవాత పెడల్ నొక్కి చూశాడు.

"ఎయిర్ తీసినప్పుడు ఎవరు తొక్కారు?"

"ఎవరూ లేరండి. నేనే..."

"ఒక్కరేనా? ఇంతమంది ఉన్నాం కదా, పిలవొచ్చుగా!"

పిలవొచ్చు. అవును. అదంత తేలికైన పనే అయితే ఎందుకు చేయలేదో ఆమెకూ తెలియలేదు. చుట్టూ మూగినవాళ్ళ ముఖాల్లో కోపం లేదు, జాలి ఉంది. అదే తల కొట్టేసినట్టనిపించింది. రేడియో కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. టైర్లు ఒక్కొక్కటే ఎత్తి మళ్ళీ గుట్టగా పేర్చడం మొదలుపెట్టాడు.

సెంటర్‌కు రావొద్దని చెప్పి ఆమెను శిక్షణ సంస్థకు వెనక్కి పంపారు. ఇన్‌స్ట్రక్టర్ సరే అన్నాకే మళ్ళీ చూద్దామన్నారు.

ఆ ఆదివారం అక్క ఫోను చేసింది. "ఏమే, ఎలా ఉన్నావు?"

"బాగున్నాను అక్కా."

"గొంతేమిటి అలా ఉంది?"

"జలుబు."

"మిరియాల పాలు తాగు. ఒరేయ్ పెద్దాడా, వాణ్ణి కొట్టకు, కొట్టకన్నానా! సరేనే మరి."

ఫోను పెట్టేశాక చాలాసేపు మంచం మీదే కూర్చుంది. బ్రష్షుతో గోళ్ళ సందుల్లో నలుపు తోముకుంది. అది పోయినా తోముతూనే ఉంది. మానేస్తే ఎవరికి చెప్పాలి అని ఆలోచించింది. చెప్పడానికి కూడా ఎవరూ లేరు, మానేసినట్టు ఎవరికీ తెలియదు కూడా. చివరి బల్ల ఖాళీగా ఉందని ఎప్పుడో ఒకప్పుడు ఎవరో గమనిస్తారు. ఆ ఊహకు తనకే భయం వేసింది. తెల్లారగానే లేచి సంస్థకు వెళ్ళింది.

ఇన్‌స్ట్రక్టర్ షెడ్డులో ఒక్కడే ఉన్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఆమెను చూశాడు.

"పెడల్ రెండు మూడు సార్లు తొక్కితే గట్టిపడింది. అవునా?"

"అవునండి."

"అలా గట్టిపడితే లోపల గాలి ఉన్నట్టని పాఠంలో చెప్పానా, లేదా?"

"చెప్పారు."

"మరి?"

"సరిపోతుందనుకున్నాను సార్."

"అనుకోలేదు నువ్వు. అనుకుంటే బాగుంటుందనుకున్నావు." ఆయన గొంతు పెరిగింది. "సీసా పద్ధతి తప్పని నేను అనను. స్క్రూ మర చుట్ల సందులోంచి కాస్త గాలి మళ్ళీ దూరింది, అది ఎవరికైనా జరుగుతుంది. కానీ నీకు అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానాన్ని జేబులో పెట్టుకుని బండెక్కావు. ఆ కారు కడిగేవాడి కాళ్ళు విరిగితే ఎవరు తెచ్చిస్తారమ్మా? నువ్వా, నేనా? బుద్ధుందా అసలు!"

ఆమె తలొంచుకుని నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిట్టినందుకు కాదు. మేడమ్ అనలేదు, మీరు అనలేదు. ఈ రెండేళ్ళలో మొదటిసారి ఎవరో తనను అందరినీ తిట్టినట్టు తిట్టారు.

ఆయన కూడా అది గమనించినట్టున్నాడు. కాస్త తగ్గి, "రా" అన్నాడు. నీలం కారు డోరు తీసి, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. "వెనక చక్రం దగ్గర కూర్చో. నాకు నువ్వు కనపడవు. నీకు నేను కనపడను. నువ్వు చెబితేనే నేను తొక్కుతాను. చెప్పకపోతే సాయంత్రం దాకా ఇలాగే కూర్చుంటాను, నాకేం పనిలేదు."

ఆమె చక్రం దగ్గర కూర్చుంది. "తొక్కండి" అంది.

"వినపడలేదు."

"తొక్కండి సార్!"

"చెవిటివాణ్ణమ్మా నేను!"

"తొక్కండి!" అని అరిచింది. ఆ గొంతు షెడ్డు రేకులకు తగిలి తిరిగొచ్చింది. తనదే, గుర్తుపట్టలేకపోయింది.

"తొక్కా!"

"పట్టుకోండి!"

"పట్టుకున్నా!"

స్క్రూ వదులు చేసింది. నూనె బుడగలు బుడగలుగా కక్కుకుంటూ వచ్చింది. బిగించింది. "వదలండి!"

"వదిలా!"

అలా నాలుగు చక్రాలూ తిరిగారు. అయ్యేసరికి ఆమె గొంతు పూర్తిగా పోయింది.

ఇన్‌స్ట్రక్టర్ సరేనన్నాక, సర్వీస్ సెంటర్‌లో మళ్ళీ అడుగు పెట్టడానికి ముఖం చెల్లలేదు గానీ వెళ్ళింది. కొన్నాళ్ళు తేలిక పనులే ఇచ్చారు, నూనె మార్చడం, ఫిల్టర్లు మార్చడం. తరవాత ఒకరోజు సూపర్‌వైజర్ ఒక బ్రేకు పని ఆమె ముందు పెట్టి, పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

ఆమె రేడియో దగ్గరికి నడిచింది. ఆ నాలుగు అడుగులు వేయడం గేర్‌బాక్సు దించడం కన్నా కష్టమైంది. ఆయన ఒక ఇంజన్ మీద వంగి ఉన్నాడు. "అన్నగారూ" అంది, "కాస్త వచ్చి తొక్కుతారా?"

ఆయన చేతులు తుడుచుకుని వచ్చి సీట్లో కూర్చున్నాడు. ఆమె చక్రం దగ్గరి నుంచి కేకేసింది. లోపలి నుంచి ఆయన జవాబు చెప్పాడు. రేడియో గొంతు సన్నగా, చిన్నపిల్లాడి గొంతులా ఉంది. అందుకే మాట్లాడడేమో అనిపించింది. పని అయ్యాక దిగి, "గట్టిగా ఉంది" అని చెప్పి తన ఇంజన్ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ తరవాత కూడా పొద్దున తల ఊపడం, సాయంత్రం తల ఊపడమే. స్నేహమేమీ కుదరలేదు. అవసరమైనప్పుడు ఆమె పిలిచేది, ఆయన వచ్చేవాడు. ఒకసారి ఆయనే "అమ్మాయ్, ఈ బల్బు వెలుగుతోందో లేదో వెనక్కెళ్ళి చూడు" అన్నాడు. ఆ రోజంతా ఆమెకు పని తొందరగా అయిపోయినట్టనిపించింది.

చివరి పరీక్ష గట్టెక్కింది. బ్రేకుల్లో మంచి మార్కులే వచ్చాయి, కరెంటులో మాత్రం బొటాబొటిగా పాసైంది. ఉద్యోగం అదే సెంటర్‌లో ఇచ్చారు. బ్యాటరీ కార్ల కోసం మళ్ళీ ఇంకో కోర్సు చదవాలన్నారు, ఈ చదువుకు అంతమనేది లేదని అప్పటికే తెలిసింది కాబట్టి సరే అంది. కుర్రాళ్ళు తలో ఊరు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు గుంపుగా వచ్చి "వెళ్ళొస్తాం మేడమ్" అన్నారు. వాళ్ళలో ఒక్కడి గురించైనా తనకేమీ తెలియదని ఆమెకు అప్పుడు తట్టింది. వాళ్ళనూ ఆమె ఏనాడూ ఏమీ అడగలేదు.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం అక్క ఫోను చేసే దాకా ఆగకుండా తనే చేసింది.

"ఏమే, నువ్వే చేశావు? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. అక్కా, నీకొకటి చెప్పాలి. ఆమధ్య కారు గుద్దేశాను."

"అయ్యయ్యో! ఎప్పుడు? దెబ్బలు తగిలాయా?"

"ఏం తగల్లేదు. జలుబు చేసిందన్నానే, ఆ వారం."

అవతల ఏదో దబ్బున పడింది. ఇద్దరు ఒకేసారి ఏడుపు లంకించుకున్నారు. ఇక మాట తెగిపోతుందని ఆమె ఎదురుచూసింది.

"నోళ్ళు ముయ్యండిరా!" అక్క అరుపుకు చెవి గింగురుమంది. "పిన్ని మాట్లాడుతోంది! పోండి బయటికి, పోండి!" తలుపు వేసిన చప్పుడు. తరవాత నిశ్శబ్దం. అక్క ఫోనులో ఆమె ఎన్నడూ వినని నిశ్శబ్దం. "ఇప్పుడు చెప్పు. మొదటినుంచి చెప్పు."

చెప్పింది. గొట్టాలు, బుడగలు, మెత్తటి పెడల్, టైర్ల గుట్ట. అక్కకు సగం అర్థం కాలేదు. "అదేమిటే, నూనెలోకి గాలి ఎలా పోతుంది?" అని మధ్యలో అడిగింది. ఆమె ఓపిగ్గా మళ్ళీ మొదటినుంచి చెప్పింది. అక్క ఊఁ కొడుతూ విన్నది.

అంతా అయ్యాక అక్క చిన్నగా అడిగింది. "అక్కడ నీకు ఒంటరిగా ఉంటోందా?"

లేదక్కా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఇన్నేళ్ళూ వచ్చినట్టే వచ్చింది.

"ఉంటోంది అక్కా" అంది.